పూలకుండీ పక్కన కూల్‌డ్రింక్ సీసా

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. హార్స్లీ హిల్స్ మీద మాత్రం ఆ తర్వాత కూడా తెల్లవారుజామున స్వెట్టర్ వెతుక్కోవాల్సిందే. కొండ దిగి మదనపల్లె, పుంగనూరు వైపు వస్తే మధ్యాహ్నానికే ఎండ చురుక్కుమంటుంది. కుండీల్లో మందారం చిగురిస్తుంది, మల్లె మొగ్గ తొడుగుతుంది. మట్టి మార్చడానికి, ఎండుకొమ్మలు కత్తిరించడానికి ఇదే అదను. ఆ లేత చిగుళ్ల రసం పీల్చడానికి పేనుబంక, పిండినల్లి, తామర పురుగులూ ఇప్పుడే వస్తాయి. మీరు ‘ఏదైనా మందు కొడదామా’ అనుకునేదీ ఇప్పుడే.

మాది టమాటా సీమ. మందుల కోసం దూరం వెళ్లక్కర్లేదు. చుట్టాల్లో ఎవరో ఒకరికి తోట ఉంటుంది. ‘మా దగ్గర కాస్త మిగిలింది, తీసుకెళ్లండి’ అంటూ ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇస్తారు. పేరుండదు, మోతాదు ఉండదు. అది మేడ మీద నీళ్ల కుళాయి పక్కన చేరుతుంది.

ఒక వేసవి మొదట్లో రిటైరైన ఓ మాస్టారిని మా ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. సాయంత్రం మొక్కలకు నీళ్లు పోస్తూ దాహమేసి, మసక వెలుతురులో చేతికందిన సీసా ఎత్తి గుక్కెడు తాగేశారు. ఇంట్లోవాళ్లు కంగారుపడి ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించారు. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయింది. వచ్చేసరికి నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత. ఆర్గానోఫాస్ఫేట్ విషమని చూడగానే తెలిసింది కానీ, ఏ మందో తెలియలేదు. భయంతో సీసా పారేశారట. ‘మందార చెట్టుకే గదా సార్, మనకేమవుతుందనుకుంటిమి’ అన్నారు ఆయన భార్య.

అట్రోపిన్ పనిచేసింది. మూడో రోజు మాస్టారు మాట్లాడారు. ‘ఇక ఇంటికి తీసుకెళ్తాం’ అని కొడుకు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. నాలుగో రోజు ఆయన దిండు మీంచి మెడ ఎత్తలేకపోయారు, ఆపైన ఊపిరి అందలేదు. ఈ విషంలో ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఇలా కండరాలు పట్టు తప్పే ప్రమాదం ఉంటుంది. వెంటిలేటర్ మీద వారం ఉండి బతికి బయటపడ్డారు. ఆ రోజు ఇంట్లో ఉండుంటే దక్కేవారు కాదు. అందుకే, కాస్త తేరుకోగానే ‘డిశ్చార్జి చేయండి’ అని దయచేసి డాక్టర్లను తొందరపెట్టకండి.

ఇలాంటి ప్రమాదం పల్లెల్లోనే, చదువులేని ఇళ్లలోనే జరుగుతుందనుకోవద్దు. మాస్టారింట్లో అందరూ డిగ్రీలు చదివినవాళ్లే. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది. ఆ మందును కూరగాయల మీద వాడకూడదని మన దేశంలో 2005లోనే ఆంక్ష పెట్టారు. మీ మేడ మీది వంగ, టమాటా మొక్కలూ కూరగాయలే!

పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించొద్దు. పాలు, ఉప్పునీళ్లు, పచ్చిగుడ్డు ఏవీ పట్టొద్దు. ఒంటిమీద పడి ఉంటే బట్టలు తీసేసి సబ్బునీళ్లతో కడగండి. ఈ విషం చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది కాబట్టి కడిగేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి. 108కి ఫోన్ చేయండి. సీసానో డబ్బానో వెంట తెండి. అసలు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అన్నా తక్కువ విషమనే అర్థం, విషం కాదని కాదు.

మరి పురుగుకేం చేయాలి?

పది కుండీల ఇంటికి పొలం మందు అక్కర్లేదు. పేనుబంకను పైపు నీళ్లతో ఆకుల అడుగున గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది. పిండినల్లిని తడిగుడ్డతో తుడవండి, బాగా పట్టిన కొమ్మను కత్తిరించి పారేయండి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల కుంకుడు రసమో సబ్బు ద్రావణమో కలిపి, ఎండ తగ్గాక వారానికోసారి పిచికారీ చేయండి. ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి, ఆకు మాడలేదని చూసుకోండి. వేపనూనె కూడా పిల్లలకు అందకూడదు. అది తాగించడం వల్ల పసిపిల్లలకు ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి.

కుండీ కింది పళ్లెంలో నీళ్లు పారబోస్తే సరిపోదు. డెంగీ దోమ గుడ్లు అంచుకు అతుక్కుని, నీళ్లు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. వారానికోసారి పీచుతో రుద్ది కడగాల్సిందే.

ఇక గన్నేరు. పూజకు పూలొస్తాయని పచ్చ గన్నేరు పెంచే ఇళ్లు మా వైపు ఎన్నో. చెట్టు కొట్టేయమని చెప్పను కానీ, పిల్లలున్న ఇంట్లో కాయలు పచ్చిగా ఉన్నప్పుడే తెంచేయండి. కత్తిరించిన కొమ్మలను తగలబెట్టొద్దు, ఆ పొగా మంచిది కాదు. గింజల్లోని విషం గుండె వేగాన్ని తగ్గించి, లయ తప్పిస్తుంది. పిల్లాడు కాయ కొరికి హాయిగా ఆడుకుంటున్నా సరే, ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకెళ్లి, కనీసం ఒక రోజు అక్కడే ఉంచండి.