కేజీఎఫ్‌లో అమ్మానాన్నల ఇల్లు, సొంత సైటు: అపోహలు – వాస్తవాలు

కోలారు బంగారు గనుల ప్రాంతం (కేజీఎఫ్)లో సంపాదన మొదలైన తర్వాత కూడా తల్లి దగ్గరో తండ్రి దగ్గరో ఉండిపోయే యువత ఎక్కువ. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక ఊళ్లో ఉద్యోగాలు తగ్గిపోయాయి, ఇళ్లు మాత్రం మిగిలాయి. అందుకే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇంటికి చేరడం, లేదా నరసాపుర పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకుని రావడం ఇక్కడ మామూలు. అద్దె మిగులుతుంది. ఆ మిగులుతో బంగారపేట వైపో మాలూరు వైపో ఒక సైటు కొనాలన్న ఆలోచన పుడుతుంది. దాంతోపాటే ఇంట్లో, టీకొట్టు దగ్గర, ఏజెంటు నోట వినపడే కొన్ని నమ్మకాలూ తోడవుతాయి.

అపోహ: మూడు తరాలుగా ఉంటున్నాం, ఇల్లు మాదే.

కేజీఎఫ్‌లో అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. దానికి చరిత్ర ఉంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ తవ్వకాలు చేపట్టాక చాంపియన్ రీఫ్, ఊరగాం, మారికుప్పం, కోరమాండల్ చుట్టూ కార్మికుల వాడలు వెలిశాయి. 1956లో గనులు మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్రానికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. యాజమాన్యం ఇన్నిసార్లు చేతులు మారినంత మాత్రాన క్వార్టర్సు కింది నేల కార్మికుడిది కాలేదు. ఇల్లు ఉద్యోగంతో వచ్చింది. తాత చేరినప్పుడు ఇచ్చిన అలాట్‌మెంటు కాగితం నివాసానికి రుజువు, యాజమాన్యానికి కాదు.

పన్నెండేళ్లు ఉంటే సొంతమైపోతుందన్న మాట కూడా ఇక్కడ తరచు వినిపిస్తుంది. కాలపరిమితి చట్టం ప్రకారం ప్రైవేటు ఆస్తికి ఆ గడువు 12 ఏళ్లు, ప్రభుత్వ ఆస్తికి 30 ఏళ్లు. కానీ ఏళ్లు లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. అసలు యజమాని హక్కును కాదని, బాహాటంగా, ఎడతెగకుండా అనుభవించినట్టు రుజువు కావాలి. అనుమతితో ఉన్నవారికి ఆ వాదన నిలవదు. కేంద్ర ప్రభుత్వ సంస్థల ఇళ్ల నుంచి అనధికారికంగా ఉన్నవారిని ఖాళీ చేయించడానికి 1971 నాటి ప్రత్యేక చట్టమే ఉంది. కాబట్టి పేరు మీద హక్కుపత్రం వచ్చిన ఇంటినీ, రాని ఇంటినీ ఒకే ఆస్తిగా లెక్కేసుకుని, ఇల్లు ఎలాగూ ఉంది కదా అని ఉన్న డబ్బంతా సైటులో పోస్తే ముప్పు అక్కడే మొదలవుతుంది.

అపోహ: నాన్న ఇంట్లో కొడుకుకు పుట్టుకతోనే వాటా ఉంటుంది.

పూర్వీకుల ఉమ్మడి ఆస్తికే ఆ మాట వర్తిస్తుంది. అందులో కొడుకుతో సమానంగా కూతురికీ హక్కుంది: కర్ణాటక 1994లోనే ఈ సవరణ చేసింది, దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైంది. 2005లో తండ్రి బతికే ఉండాలన్న షరతు అక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి తన జీతంతో రాబర్ట్‌సన్‌పేటలో కొన్న ఇల్లు మాత్రం స్వార్జితం. ఆయన ఉన్నంతకాలం పిల్లలకు అందులో వాటా లేదు. ఇల్లు తల్లి పేరిట ఉంటే పూర్తిగా ఆమెదే. పిల్లలు తమ జీతంతో మేడ మీద గది కట్టించినా కట్టడానికి ఖర్చు పెట్టినవారే అవుతారు గానీ, రిజిస్టరైన పత్రం లేకుండా యజమానులు కారు.

దానపత్రం రాసేశాక తల్లిదండ్రులు ఇక ఏమీ చేయలేరన్నదీ తప్పే. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, పోషిస్తారన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు.

అపోహ: అమ్మ పేరు మీద కొంటే అన్ని విధాలా మేలు.

ప్రేమతోనో స్త్రీ పేరిట వడ్డీ తగ్గుతుందనో చేసే పని ఇది. బేనామీ చట్టంలో 2016 నవంబరు 1 నుంచి అమలైన సవరణ, తన డబ్బుతో భార్య, భర్త, సంతానం పేరిట కొనేవారికి మినహాయింపు ఇచ్చింది. తల్లిదండ్రుల విషయంలో మినహాయింపు వర్తించాలంటే పత్రంలో డబ్బు పెట్టినవారి పేరు కూడా ఉమ్మడి యజమానిగా ఉండాలి. డబ్బంతా కూతురిదై, పత్రం తల్లి ఒక్కరి పేరే చెబితే చిక్కు రావచ్చు. బేనామీ సంగతి అటుంచి మరో చిక్కుంది: వీలునామా లేకుండా తల్లి పోతే ఆ సైటు మిగతా తోబుట్టువులకూ పంచాల్సి వస్తుంది. ఇద్దరి పేర్లూ పెట్టి, ఎవరి సొమ్మెంతో బ్యాంకు ద్వారా కనపడేట్టు చెల్లిస్తే ఈ తగవులు చాలావరకు తప్పుతాయి.

అపోహ: ఇరవై లక్షల సైటుకు రెండు లక్షలుంటే చాలు, మిగతాది బ్యాంకే ఇస్తుంది.

రిజర్వు బ్యాంకు నిబంధనల్లో 30 లక్షల లోపు గృహరుణానికి ఆస్తి విలువలో 90 శాతం గరిష్ఠ పరిమితి. అది పరిమితే, హామీ కాదు. ఉత్త సైటుకు బ్యాంకులు సాధారణంగా అంతకంటే తక్కువే ఇస్తాయి. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు మామూలుగా ఈ లెక్కలో చేరదు. కర్ణాటకలో సైటుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి. రిజిస్ట్రేషన్ రుసుము 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం అయింది. పట్టణంలో ఇరవై లక్షల సైటుకు ఇవే లక్షా యాభై వేలు దాటుతాయి. అదీ ధర, మార్గదర్శక విలువ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద.

అపోహ: ఖాతా ఉంది, కందాయం కడుతున్నారు, ఇంకేం కావాలి?

ఖాతా పన్ను వసూలుకు రాసుకున్న లెక్క. యాజమాన్యం రిజిస్టరైన క్రయపత్రంతోనే వస్తుంది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంటు కాగితాలతో రాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జిల్లాలో 'రెవెన్యూ సైటు' అని చవగ్గా దొరికేది చాలాసార్లు సాగుభూమిని ముక్కలు చేసినదే. 2020 సవరణతో రైతు కానివారూ వ్యవసాయ భూమి కొనవచ్చు. దాని మీద ఇల్లు కట్టాలంటే మాత్రం భూమార్పిడి కావాలి, లేఔటుకు ఆమోదం కావాలి. ఆమోదం వస్తుందన్న మాటకు ధర కట్టడం ఏజెంటుకు లాభం, కొనేవారికి కాదు.

కోలారులో మరింత జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. 2011 జనగణనలో ఈ జిల్లా జనాభాలో సుమారు 30 శాతం షెడ్యూల్డు కులాలవారు. వారికీ షెడ్యూల్డు తెగలవారికీ ప్రభుత్వం మంజూరు చేసిన భూములను ముందస్తు అనుమతి లేకుండా అమ్మడాన్ని 1978 చట్టం నిషేధిస్తుంది. అమ్మినా చెల్లదు. 2023 సవరణతో, భూమి తిరిగి ఇప్పించమని అర్జీ పెట్టడానికి కాలపరిమితి కూడా లేకుండా పోయింది. పదిమంది చేతులు మారి వచ్చిన సైటైనా మొదటి మంజూరు ఎవరికన్నది చూడక తప్పదు.

అపోహ: ఎక్స్‌ప్రెస్‌వే పక్కనుంటే రేటు రెట్టింపు.

హొసకోట నుంచి శ్రీపెరంబుదూరు దాకా 262 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మాలూరు, బంగారపేట, బేతమంగళం పరిసరాల మీదుగా వెళ్తుంది. కానీ అది నియంత్రిత రహదారి. ఇంటర్‌ఛేంజి దగ్గర తప్ప ఎక్కడానికీ దిగడానికీ దారుండదు. పిట్టగోడకు ఆనుకుని ఉన్న పొలానికి దక్కేది వాహనాల రొద. సైటు నుంచి ఇంటర్‌ఛేంజికి ఎన్ని కిలోమీటర్లన్నదే లెక్క.

కేజీఎఫ్ నేలంతా డొల్ల, ఎప్పుడైనా కుంగుతుందన్నది దీనికి ఎదురు అపోహ. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గనులు ఉత్తర దక్షిణంగా సాగే ఒక సన్నని పట్టీకే పరిమితం. తాలూకా అంతా సొరంగం కాదు. అయితే పాత షాఫ్టుల దగ్గరా, సైనైడు శుద్ధి తర్వాత మిగిలిన మట్టిదిబ్బల దగ్గరా కొనేవారు నేల చరిత్ర అడిగి తెలుసుకోవాలి. ఆ దిబ్బల నుంచి మళ్లీ బంగారం తీసే ప్రతిపాదనకు 2024లో రాష్ట్ర మంత్రివర్గం అంగీకరించింది. అవి పరుచుకున్న నేల వెయ్యి ఎకరాలకు పైమాటే.

చివరిది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) గురించి. 'ఈసీలో ఏమీ లేదు, సైటు శుభ్రంగా ఉంది' అన్న మాట సగమే నిజం. ఆన్‌లైన్‌లో కనపడేది సాధారణంగా 2004 ఏప్రిల్ నుంచి జరిగినవి. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకాల్లో వెతికించాలి. పైగా అందులో చేరేది రిజిస్టరైన లావాదేవీలే. నోటిమాట పంపకాలు, రిజిస్టరు కాని వీలునామాలు, చేతికాగితం మీద తీసుకున్న అడ్వాన్సులు ఈసీకి అందవు. వాటి కోసం అమ్మేవారి కుటుంబ వంశవృక్షం, పాత పహణీలు, మూలపత్రం అసలు కాపీ అడిగి చూడాలి.