మా బెల్లం ఇసుక టబ్బు ఎందుకు మానేసింది?

పోయిన నవంబరులో అమ్మ హాస్టల్‌కి ఫోన్ చేసింది. "నీ పిల్లి కొత్త పరుపు మీద ఉచ్చ పోసిందిరా! ఇంకోసారి చేసిందంటే మీ నాయన గోతంలో వేసి మార్కెట్ యార్డులో ఇడిసిపెట్టొస్తాడంట."

మాది ఆదోని. పత్తి ఊరు కదా, ఇక్కడి పత్తితోనే కుట్టించిన పరుపు అది. అమ్మ కోపంలో న్యాయం ఉంది.

బెల్లం మా మగపిల్లి. రంగు కూడా బెల్లమే. ఎమ్మిగనూరులో మా అత్తావాళ్ళ మగ్గం ఇంట్లో పుట్టింది. సంచిలో పెట్టి బస్సులో తెచ్చుకున్నాం. దారి పొడుగునా అరిచింది కానీ, ఇసుక టబ్బు మాత్రం రెండోరోజే వాడేసింది. ఎవరూ నేర్పలేదు. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవిపిల్లులు. వదులు మట్టిని తవ్వి, పని కానిచ్చి, కప్పేయడం వాటికి పుట్టుకతో వచ్చే అలవాటు. అలాంటిది మూడేళ్ళు వాడిన టబ్బుని ఒక్కసారిగా ఎందుకు మానేసింది?

"పొగరెక్కింది దానికి" అంది అవ్వ. శనివారం ఇంటికెళ్ళి నేనూ అదే అనుకున్నా. తిట్టి, ఆ రాత్రి మిద్దె మీద పెట్టి తలుపేశా. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పొద్దున తలుపు తీయగానే తిన్నగా టబ్బులోకి పోయింది. కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. పది నిమిషాల్లో ఐదుసార్లు. వచ్చింది రెండు చుక్కలు. సన్నగా ఏడ్చినట్టు అరిచింది. అప్పుడు అర్థమైంది, మేమంతా అది ఎక్కడ పోస్తుందో చూశాం గానీ, ఎంత పోస్తుందో ఎవరం చూడలేదని.

వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పొట్ట నొక్కి చూసి, మూత్రాశయం వాచింది, దారి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు అన్నాడు. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. జిగురు, సన్నటి స్ఫటికాలు కలిసి అక్కడ బిరడాలా పడితే మూత్రం వెనక్కి తంతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. రెండుమూడు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. కాబట్టి మగపిల్లి ముక్కుతూ ఉండి మూత్రం రాకపోతే "రేపు చూద్దాం" అనకూడదు. ఇంకో మాట. నొప్పికి సగం పారాసిటమాల్ వేద్దామా అని నాన్న అడిగితే డాక్టరు అరిచినంత పని చేశాడు. మనకి మామూలు మాత్ర, పిల్లికి విషం.

మందులతో నాలుగు రోజుల్లో నొప్పి తగ్గింది. కానీ బెల్లం టబ్బు వైపు పోలేదు. టబ్బులో కూర్చుంటే నొప్పి వస్తుందని దానికి గుర్తుండిపోయింది. అందుకే మెత్తటి చోటు వెతుక్కుంటోంది.

ల్యాబ్‌లో ప్రోగ్రామ్ ఆగిపోతే మేం మొదట అడిగేది ఒకటే: చివరిసారి పనిచేసినప్పటినుంచి ఏం మారింది? ఇక్కడా అదే అడిగా. రెండు మారాయి. చుట్టాలొస్తున్నారని అమ్మ టబ్బుని మెట్ల కింద నుంచి వాషింగ్ మెషిన్ పక్కకి జరిపింది. పాత ఇసుక బదులు సెంటు వాసనొచ్చే లిట్టర్ వచ్చింది. అది ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టింది నేనే, కూపన్ ఉందని! ఆ వాసన మనకోసం చేసింది. పిల్లి ముక్కు మనకంటే చాలా పదును, దానికి అది ఘాటు.

ఈ లిట్టర్ కథ కూడా తమాషాగా ఉంటుంది. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్వర్డ్ లో అనే ఆయన్ని పక్కింటావిడ పిల్లికోసం ఇసుక అడిగింది. ఆయన ఆరబెట్టిన బంకమట్టి గుళికలిచ్చాడు. అలా మొదలైంది ఆ వ్యాపారం. ఇప్పుడు తడిస్తే ఉండకట్టే రకం బెంటొనైట్ మట్టితో చేస్తారు. తడికి ఉబ్బే గుణం మన నల్లరేగడికీ ఉంది, రెండింట్లోనూ ఉండేది ఒకే జాతి బంకమన్ను. "అయితే డబ్బులెందుకు, చేలో మట్టే పోద్దాం" అన్నాడు నాన్న. పోశాం. ఇల్లంతా నల్లటి పాదాలు పడ్డాయి. మళ్ళీ ఇసుకకే వచ్చాం.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. టబ్బు పిల్లి పొడుగుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. పిల్లులు ఎన్నో అంతకంటే ఒకటి ఎక్కువ టబ్బు, అంటే ఒక్క పిల్లికి రెండు. చప్పుడు లేని చోట పెట్టాలి, అన్నం గిన్నె దగ్గర వద్దు. రోజూ ఉండలు తీసేయాలి. నీళ్ళ గిన్నెలు రెండుమూడు చోట్ల ఉండాలి. ఎడారి జాతి కాబట్టి పిల్లి తక్కువ తాగుతుంది, మూత్రం చిక్కబడుతుంది. పాత మరకల మీద ఫినాయిల్ పోయొద్దు. అలాంటి రసాయనాల్ని పిల్లి లివర్ సరిగా విరచలేదు, పాదాలు నాకినప్పుడు లోపలికి పోతుంది. ఎంజైమ్ క్లీనర్ వాడితే వాసన పూర్తిగా పోతుంది. వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. ముక్కుని మరకకేసి రుద్దడం, కొట్టడం అసలు వద్దు. భయం పెరిగితే మూత్రాశయం వాపు తిరగబెట్టొచ్చు.

టబ్బుని మెట్ల కిందే పెట్టి నేను హాస్టల్‌కి వచ్చేశా. ఆరోరోజు పొద్దున్నే, క్లాసులో ఉండగా అమ్మ ఫోన్. భయపడుతూ బయటికొచ్చి ఎత్తా.

"పోసిందిరా! ఇసుకలోనే! ఇంత పెద్ద ఉండ!"

ఫస్ట్ సెమ్ మార్కులు చెప్పినప్పుడు కూడా అమ్మ అంత సంతోషపడలేదు.