కళ్లకు పంట.. కొనబోతే తంటా!

బాలి ద్వీపంలో వరి మెట్ల పల్లె 'జతిలువి' కథ

కార్తీక పౌర్ణమి వచ్చిందంటే కటక్‌లో మహానది ఒడ్డున 'బాలియాత్ర' జాతర మొదలవుతుంది. ఒకప్పుడు కళింగ వర్తకులు ఓడలెక్కి తూర్పు దీవులకు సాగిపోయిన రోజులకు అది గుర్తు. బరంపురం, గంజాం వైపు తెలుగు కుటుంబాలకూ ఆ జాతర కొత్తేం కాదు. అప్పట్లో నెలల తరబడి సాగిన ప్రయాణం ఇప్పుడు గంటల్లోకి వచ్చేసింది. 2024 మార్చిలో బెంగళూరు నుంచి బాలికి నేరుగా విమానం మొదలైంది. కోలారు, బళ్లారి, హోసూరు వైపు నుంచి కొత్త జంటలు, కుటుంబాలు వెళ్లి రావడం తేలికైంది. దాంతోపాటే 'బాలిలో విల్లా కొనండి, అద్దెలు తినండి' అనే మాటా వినపడుతోంది.

మరి అక్కడ మనం స్థలం కొనొచ్చా? పొలం మధ్య ఇల్లు కట్టొచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియాలంటే జతిలువి అనే పల్లెను చూస్తే చాలు.

మెట్టు మెట్టుకూ మడి

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో తబనన్ జిల్లా, పెనెబెల్ మండలంలో ఉందీ ఊరు. వెనుక 2,276 మీటర్ల ఎత్తున బటుకరు కొండ. దాని వాలులో, సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, 300 హెక్టార్లకు పైగా వరి మళ్లు మెట్లు మెట్లుగా పరచుకుని ఉంటాయి. మన లెక్కలో 740 ఎకరాల పైమాటే. నారు పోసినప్పుడు అద్దాలు పరిచినట్టు నీళ్లు, ఎదిగాక పచ్చటి దుప్పటి, కోతకొచ్చాక బంగారు రంగు. ఏ నెలలో వెళ్లినా ఏదో ఒక అందం కనిపిస్తుంది. 'జతి' అంటే నిజంగా, 'లువి' అంటే మేలైనది అని అక్కడి మాట. పేరు బాగానే అతికింది.

ఇక్కడి ప్రత్యేకత ఎర్ర బియ్యం. పాత దేశవాళీ రకం. పంట చేతికి రావడానికి ఐదారు నెలలు పడుతుంది. ఏడాదికి ఒక్కసారే వేస్తారు. ఆ బియ్యాన్ని వేయించి కాచిన టీ ఊళ్లో అంగళ్లలో దొరుకుతుంది.

నీటికో సంఘం.. నీటికో గుడి

మళ్ల అందం వెనుక ఉన్న అసలు సంగతి నీళ్లు. కోలారు, అనంతపురం చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు గుర్తుందా? ఎవరి మడికి ఎంతసేపు తూము తెరవాలో ఆయన చేతిలో ఉండేది. బాలిలో ఆ పని 'సుబక్' అనే రైతుల సంఘం చేస్తుంది. ఒకే కాలువ కింద పారే మళ్ల రైతులంతా అందులో సభ్యులు. సంఘం పెద్దను 'పెకసే' అంటారు. కాలువకు అడ్డంగా గాడులు కోసిన దుంగ పెట్టి, ఎవరి వాటా వారికి పోయేలా నీళ్లు పంచుతారు. నాట్లు ఎప్పుడు, కాలువ పూడిక ఎప్పుడు, తప్పు చేస్తే జరిమానా ఎంత.. అన్నీ సంఘం కట్టుబాట్లే చెబుతాయి.

ప్రతి కాలువకూ గుడి ఉంటుంది. నీళ్లు మడిలోకి దిగే చోట చిన్న గద్దె మీద వరి తల్లి 'దేవి శ్రీ'కి పూలు, అన్నం పెడతారు. వాళ్ల జీవన సూత్రం పేరు 'త్రి హిత కరణ'. మనకు అర్థం చెప్పక్కర్లేదు. దేవుడితో, తోటి మనిషితో, ప్రకృతితో పొత్తు కుదిరితేనే సుఖమని సారం. ఈ పద్ధతి 9వ శతాబ్దం నుంచి ఉందని యునెస్కో చెబుతోంది. 2012లో బాలిలోని సుబక్ ప్రాంతాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జతిలువి అందులో భాగమే.

పురుగు నేర్పిన పాఠం

ఈ గుడులు, కట్టుబాట్లు చాదస్తమని ఒకప్పుడు అనుకున్నారు. 1970ల్లో హరిత విప్లవం పేరుతో కొత్త వంగడాలు వచ్చాయి. ఎవరికి తోచినప్పుడు వాళ్లు వేసుకోవచ్చు, ఎన్ని పంటలైనా తీయొచ్చు అన్నారు. ఏమైంది? ఒక మడి కోసేలోపు పక్క మడి పచ్చగా ఉండటంతో సుడిదోమకు ఏడాదంతా పండగే అయింది. నీటికీ కొట్లాటలు మొదలయ్యాయి. అమెరికా పరిశోధకుడు స్టీఫెన్ లాన్సింగ్ దీన్ని కంప్యూటర్ లెక్కలతో పరిశీలించారు. గుడి క్యాలెండర్ ప్రకారం ఊరంతా కలిసి నాటి, కలిసి ఆరబెట్టినప్పుడే నీళ్లూ సరిపోతాయి, పురుగూ తగ్గుతుందని తేల్చారు. పెద్దల మాట ఊరికే పుట్టలేదన్నమాట.

పేరొచ్చింది.. పేచీ వచ్చింది

2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో జతిలువిని చేర్చింది. బస్సులు పెరిగాయి. చూసేవాళ్లకు కూర్చోవడానికి హోటల్ కావాలి, ఫొటోలకు అరుగు కావాలి. మడి గట్ల మీద కట్టడాలు లేచాయి.

2025 సెప్టెంబరులో బాలిలో భారీ వరదలు వచ్చి పదిమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత పంట పొలాల్లో కొత్త హోటళ్లకు, రెస్టారెంట్లకు అనుమతులు ఆపేస్తామని గవర్నర్ వయాన్ కోస్టర్ ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరులో జతిలువిలో నిబంధనలకు విరుద్ధంగా ఉన్నాయంటూ కొన్ని కట్టడాలకు అధికారులు సీలు వేశారు. కోపం వచ్చిన రైతులు పచ్చటి మళ్ల మధ్య జింకు రేకులు నిలబెట్టారు. ఎండకు రేకులు తళతళలాడితే ఫొటో ఎవరు తీస్తారు?

రైతు గోడు న్యాయమైనదే. అందం మా పొలానిది, చాకిరీ మాది, చిన్న అంగడి పెట్టుకుంటే మాత్రం తప్పా అంటారు. ప్రభుత్వం మాటా కొట్టిపారేయలేం. ఒక్కో మడీ సిమెంటు అయిపోతే చూడ్డానికి ఏముంటుంది? పై మడి పూడిస్తే కింది మడికి నీళ్లెక్కడివి? బయటి నుంచి డబ్బు పట్టుకెళ్లే వాళ్లు ఈ గొడవ తెలుసుకునే అడుగు వేయాలి.

స్థలం కొనొచ్చా?

సూటిగా చెప్పాలంటే, సొంత పట్టా దొరకదు. ఇండోనేషియా 1960 భూమి చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, అక్కడి మాటలో 'హక్ మిలిక్', ఆ దేశ పౌరులకే. మన దేశంలోనూ విదేశీయులు సాగు భూమి కొనలేరు కదా, అలాంటిదే.

'స్థానికుడి పేరు మీద రాయించి, వెనుక మీరే ఉండండి' అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఇది అచ్చం బినామీ. అలాంటి బదిలీ చెల్లదని ఆ చట్టంలోనే ఉంది. పేరున్నవాడు అడ్డం తిరిగితే స్థలమూ పోతుంది, ఇచ్చిన డబ్బూ వెనక్కి రాదు.

చట్టబద్ధమైన దారులు మూడున్నాయి. ఒకటి లీజు. 25, 30 ఏళ్లకు రాసుకోవడం మామూలు. గడువు అయ్యాక స్థలం యజమానిదే. 'పొడిగిస్తారులే' అనే నోటి మాట నమ్మొద్దు, రేటుతో సహా కాగితం మీద ఉండాలి. రెండోది 'హక్ పకై' అనే వాడకం హక్కు. నివాస అనుమతి ఉన్న విదేశీయుడికి మొదట 30 ఏళ్లు ఇస్తారు, తర్వాత పొడిగింపు. మూడోది అక్కడ విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టి కట్టడ హక్కు పొందడం. దానికి వెయ్యి కోట్ల (10 బిలియన్) రూపియాలకు మించిన పెట్టుబడి ప్రణాళిక చూపాలి. మధ్యతరగతి వాళ్ల పని కాదు.

ఏ దారైనా ముందు ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో చూడాలి. కాపాడాల్సిన సాగు భూముల కోసం 2009 నుంచి ప్రత్యేక చట్టముంది. పచ్చ జోన్‌లో ఉన్న మడిని లీజుకు తీసుకుంటే వరి వేసుకోవాలే తప్ప విల్లా కట్టలేరు. భూమి కార్యాలయంలో పత్రం తనిఖీ, సొంత నోటరీ, ఊరి కట్టుబాట్లు.. ఈ మూడూ చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఇక్కడి నుంచి డబ్బు పంపాలన్నా రిజర్వు బ్యాంకు పరిమితి మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లే.

వెళ్లేవారికి..

* డెన్‌పసార్ విమానాశ్రయం నుంచి కారులో దాదాపు రెండు గంటలు. బస్సులను నమ్ముకోవద్దు, కారు మాట్లాడుకోవడమే మేలు.

* దిగాక తీసుకునే 30 రోజుల వీసాకు 5 లక్షల రూపియాలు, బాలి పర్యాటక రుసుము లక్షన్నర రూపియాలు. రుసుము మన డబ్బులో 800 రూపాయల దాకా అవుతుంది.

* ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ. కొండ ఊరు కాబట్టి చలికి ఒక చొక్కా అదనంగా ఉంచుకోండి.

* మార్చిలో సాధారణంగా వచ్చే 'న్యెపి' మౌన దినం రోజు విమానాశ్రయమూ మూసేస్తారు. ఎవరూ బయటికి రాకూడదు. తేదీ చూసుకుని టికెట్ కొనండి.

* మాంసం తిననివాళ్లు ముందే చెప్పండి. బాలిలో పంది మాంసం మామూలే.

* గట్ల మీద నడిచేటప్పుడు నారు తొక్కొద్దు. పూజ జరిగే చోట దూరంగా నిలబడండి.

వస్తూ వస్తూ రైతు దగ్గరే కిలో ఎర్ర బియ్యం కొనండి. మడి మడిగానే మిగలాలంటే దాన్ని దున్నే మనిషికి నాలుగు డబ్బులు మిగలాలి. జతిలువిలో మనలాంటి వాళ్లు పెట్టదగ్గ పెట్టుబడి అదే!