వెబ్ పుటపై తెలుగు వ్రాత

అచ్చు కూటములలో సీసపు అక్షరములు వాడుకలో నున్న దినములలో వ్రాతప్రతి తిన్నగా అచ్చునకు పోయెడిది కాదు. సంపాదకుడు దానిని చదివి, ఎర్రసిరాతో అంచున గుర్తులు పెట్టెడివాడు. “ఇది శీర్షిక”, “ఇచ్చట లావు అక్షరములు”, “ఇచ్చట కొత్త పేరా” అని ఆ గుర్తుల అర్థము. కంపోజిటరు వాటి ననుసరించి అక్షరములు కూర్చునే కాని, ఆ గుర్తులను మాత్రము అచ్చు వేయడు. పత్రిక చదువువానికి ఫలితము కన్పట్టును, ఎర్రసిరా కన్పట్టదు.

వెబ్ పుట కూడ ఈ పద్ధతిననే తయారగుచున్నది. వ్రాత మధ్య గుర్తులు పెట్టు పద్ధతికి హెచ్‌టిఎమ్‌ఎల్ అని పేరు. “హైపర్ టెక్స్ట్ మార్కప్ లాంగ్వేజ్” అను మాటలకు ఇది సంక్షేపము. “మార్కప్” అనగా సంపాదకుడు అంచున పెట్టు గుర్తులే. ఇచ్చట కంపోజిటరు పని చేయునది బ్రౌజరు. అది గుర్తులను చదివి, పాటించి, తాను వాటిని చూపక వ్రాతను మాత్రము తెరపై నిలుపును.

జెనీవా సమీపమున గల సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఈ వెబ్ యోచనను ప్రతిపాదించెను. వేర్వేరు కంప్యూటరులలో నున్న శాస్త్రజ్ఞుల పత్రములు ఏ యంత్రముపైనైనను చదువుటకు వీలగుట ఆయన ఉద్దేశము. అందుచేత అక్షరముల కొలతలను గాక, వ్రాతలోని భాగములను తెలుపు కొద్దిపాటి గుర్తులను ఎన్నుకొనెను. శీర్షికకును పేరాకును నాడు పెట్టిన గుర్తులు నేటికిని చెల్లుచున్నవి.

గుర్తుల నిర్మాణము

ఈ గుర్తులను టాగులందురు. గణితములో “కన్న తక్కువ”, “కన్న ఎక్కువ” అను చిహ్నములు అందరెరిగినవే. ఆ రెంటి నడుమ ఒక పేరు వ్రాసిన టాగు అగును. సాధారణముగా టాగులు జంటలుగా నుండును. మొదటిది తెరచునది, రెండవది మూయునది. మూయుదానిలో పేరునకు ముందు ఒక ఏటవాలు గీత యుండును. ఈ వ్యాసమున టాగుల పేరులు ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో నీయబడినవి. కంప్యూటరుపై వ్రాయునపుడు మాత్రము వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరములతో వ్రాయవలెను.

ఉదాహరణకు బెల్లంపల్లిలోని ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి తన ఊరిని గురించి పుట వ్రాయదలచెననుకొందము. దీనికి ఇంటర్నెట్ అవసరము లేదు. నోట్‌ప్యాడు వంటి సాదా వ్రాతపలక చాలును. అందులో ఇట్లు వ్రాయవచ్చును:

<హెచ్1>బెల్లంపల్లి</హెచ్1>
<పి>బెల్లంపల్లి మంచిర్యాల జిల్లాలోని పట్టణము. ఇది <స్ట్రాంగ్>బొగ్గు గనులతో</స్ట్రాంగ్> పెరిగినది. 2016 వరకు ఇది ఆదిలాబాదు జిల్లాలో నుండెను.</పి>

దీనిని “హెచ్‌టిఎమ్‌ఎల్” అను తోక పేరుతో దాచి, బ్రౌజరులో తెరచినచో ఊరిపేరు పెద్ద శీర్షికగాను, క్రింద పేరాయు, అందులో “బొగ్గు గనులతో” అను మాటలు లావుగాను కన్పట్టును. హెచ్1 ప్రధాన శీర్షిక. హెచ్2 మొదలు హెచ్6 వరకు గలవి వరుసగా ఉపశీర్షికలు. పి అనునది పేరా. స్ట్రాంగ్ అనగా ఈ మాట ముఖ్యమైనదని చెప్పుట. ఇఎమ్ అనగా పలుకునపుడు ఈ మాటను ఊది చెప్పవలెనని సూచించుట.

క్రొత్తగా నేర్చుకొనువారికి ఒక వింత ఎదురగును. వ్రాతలో పది ఖాళీలు విడిచినను, నాలుగు పంక్తులు దిగి వ్రాసినను బ్రౌజరు వాటినన్నిటిని ఒక్క ఖాళీగానే ఎంచును. పేరాలు విడిపోవలెనన్న పి వ్రాయవలెను. పద్యపాదములవలె పేరాలోనే పంక్తి మారవలెనన్న బిఆర్ వ్రాయవలెను. బిఆర్‌కు మూత టాగు లేదు.

ఒక టాగులో మరియొకటి ఉండవచ్చును. కాని చివర తెరచినదానిని ముందు మూయవలెను. ఒక దానిలో నొకటి అమర్చిన గిన్నెలలో పై గిన్నె తీయక అడుగు గిన్నె తీయలేము గదా!

శాస్త్రపాఠములకు పనికివచ్చు టాగులు మరి రెండు గలవు. బొగ్గు గనులలో వెలువడు మీథేను వాయువు సంకేతములో 4 అను అంకె క్రిందికి దిగియుండవలెను. దానికి సబ్ వాడుదురు. చదరపు మీటరును సూచించు 2 పైకి లేచియుండవలెను. దానికి సప్ వాడుదురు. జాబితాలోని ఒక్కొక్క అంశమునకు ఎల్ఐ పెట్టి, మొత్తమును యుఎల్‌లో చేర్చినచో చుక్కల జాబితాయు, ఓఎల్‌లో చేర్చినచో అంకెల జాబితాయు ఏర్పడును.

రూపమా, అర్థమా?

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. శీర్షిక పెద్దదిగా కన్పట్టుటయే కావలసినచో, పేరానే పెద్ద అక్షరములతో చూపిన సరిపోదా? కంటికి రెండును ఒకటే. కాని పుటను చదువువారందరును కంటితో చదువరు. చూపులేని విద్యార్థులు తెరమీది వ్రాతను పైకి చదివి వినిపించు సాధనముల నాధారము చేసికొందురు. ఎన్‌విడిఎ అనునది అట్టిది, ఉచితముగా లభించును. దానితో హెచ్ మీట నొక్కిన కొలది ఒక శీర్షికనుండి మరియొక శీర్షికకు పోవచ్చును. హెచ్2 అను టాగున్నచో నది శీర్షికయని ఆ సాధనము గ్రహించును. పేరాను లావుచేసి పెట్టినచో గ్రహింపజాలదు. అపుడు ఆ విద్యార్థి ఇరువది పుటల పాఠమును మొదటినుండి తుదివరకు విని, తనకు వలసిన భాగమును వెదకుకొనవలసివచ్చును.

పుట మొదట భాష తెలుగని చెప్పుటయు ఇట్టిదే. హెచ్‌టిఎమ్‌ఎల్ అను తొలి టాగులో లాంగ్ అను లక్షణమునకు తెలుగు సంకేతమగు “టి, ఇ” అను రెండక్షరములను చేర్చినచో, తెలుగు గొంతు గల సాధనము దానిని ఎన్నుకొని చదువుటకు వీలగును.

తెలుగు వ్రాతకు కలిగిన చిక్కు

రూపమునే నమ్ముకొని అర్థమును విడిచినందువలన కలుగు నష్టమునకు తెలుగు వెబ్ చరిత్రయే సాక్ష్యము. తెలుగునకు యూనికోడులో 1991లోనే స్థానమేర్పడినను, సామాన్య కంప్యూటరులలో అది పనిచేయుటకు చాలకాలము పట్టెను. ఆ లోపున ఈనాడు మొదలగు పత్రికల వెబ్ పుటలు సొంత ఫాంటులతో వెలువడెను. ఆ ఫాంటులలో ఇంగ్లీషు అక్షరముల చోట తెలుగు అక్షరముల తునకలు అమర్చబడియుండెను. ఫాంటున్న యంత్రముపై చక్కని తెలుగు కన్పట్టెడిది. లేని యంత్రముపై అర్థములేని ఇంగ్లీషు అక్షరముల వరుస కన్పట్టెడిది. కంప్యూటరు దృష్టిలో నది తెలుగే కాదు. కావున తెలుగు మాటతో వెదకినను ఆ వార్త దొరకెడిది కాదు. అట్టి పుటలను యూనికోడులోనికి మార్చుటకు వెన్న నాగార్జున పద్మ అను ఉపకరణమును తయారుచేసెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించినదియు ఆయనయే.

యూనికోడులో ప్రతి తెలుగు వర్ణమునకును ఒక సంఖ్య గలదు. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయించిరి. ‘క’ సంఖ్య 3093. పుటలో &#3093; అని వ్రాసినను తెరపై ‘క’ యే వచ్చును. ఒత్తులకు వేరుగా సంఖ్యలు లేవు. ‘ల్ల’ అనగా ల, పొల్లు, మరల ల. ఈ లెక్కన “బెల్లంపల్లి” కంటికి నాలుగక్షరములైనను, యంత్రమునకు 11 సంకేతములు. యుటిఎఫ్-8 అను పద్ధతిలో తెలుగు సంకేతమొక్కింటికి 3 బైట్లు కావున, ఊరిపేరు 33 బైట్లు పట్టును. పుట తలభాగమున <మెటా చార్‌సెట్="యుటిఎఫ్-8"> అని వ్రాయనిచో బ్రౌజరు ఈ బైట్లను వేరొక పద్ధతిలో చదివి గజిబిజి చేయవచ్చును.

దీనివలన ఇంకొక జాగ్రత్త తెలియుచున్నది. ఒత్తునకు మాత్రము వేరు రంగు వేయదలచి అక్షరము నడుమ టాగు పెట్టరాదు. పొల్లు ఒకవైపున, హల్లు మరియొక వైపున పడి అక్షరము విరిగిపోవచ్చును. టాగు పూర్తి అక్షరమునకు వెలుపలనే యుండవలెను.

ఇక రంగు, పరిమాణము, పంక్తుల ఎడము మొదలగు రూప విషయములకు సిఎస్ఎస్ అను వేరు భాష గలదు. దాని మొదటి ప్రమాణము 1996లో వెలువడెను. దానివలన అర్థము హెచ్‌టిఎమ్‌ఎల్‌లోను, అలంకారము సిఎస్ఎస్‌లోను ఉండు ఏర్పాటు కుదిరినది. తెలుగునకు ఇది మిక్కిలి ఉపయోగము. ఇంగ్లీషునకు సరిపోవు పంక్తి ఎడములో తెలుగు ఒత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. లైన్-హైట్ అను కొలతను 1.6 వరకు పెంచినచో చదువుట సులభమగును. ఒరుగు అక్షరములు ఇంగ్లీషు అచ్చులోని ఆచారము. తెలుగు లిపికి సహజము కావు. కావున ఇఎమ్ టాగు పెట్టిన మాటలను సిఎస్ఎస్‌తో వేరు రంగులో చూపవచ్చును. క్రిందిగీత ఒత్తులను కోయుటయే గాక, లంకె యను భ్రమ కూడ కలిగించును.

ఉపాధ్యాయులు తరగతిలో నొక పరీక్ష చేయించవచ్చును. ఒకే పాఠమును రెండు పుటలుగా వ్రాయించి, ఒకదానిలో హెచ్2 శీర్షికలును, రెండవదానిలో లావు చేసిన పేరాలును పెట్టించవలెను. పిదప తెరను ఆర్పి, ఎన్‌విడిఎతో వినుచు, మూడవ ఉపశీర్షిక క్రింది విషయమును కనుగొనుమని అడుగవలెను. ఏ పుటలో ఎంతకాలము పట్టినదో గడియారముతో కొలిచినచో, టాగు చేయు మేలు విద్యార్థులకు స్వయముగా బోధపడును.