బండి వెనకాల ఒక కన్ను

‘‘రానీ... రానీ... రానీ... హోల్డాన్!’’

బండి వెనక్కి తీసేటప్పుడు వినిపించే ఈ కేక మన ఊళ్ళలో తెలియని వాళ్ళుండరు. క్లీనరు అరుస్తుంటే డ్రైవరు ఆ గొంతును నమ్ముకుని స్టీరింగు తిప్పుతాడు. క్లీనరు రాని రోజున ఇంట్లో ఆడవాళ్ళెవరో ఒకరు కొంగు దోపుకుని ఆ పనికి నిలబడతారు. ఎవరూ లేకపోతే? అద్దాలే దిక్కు!

ఆ అద్దాలు ఎంతవరకు చూపిస్తాయో ఎప్పుడైనా గమనించారా? ఆగి ఉన్న బండికి సరిగ్గా వెనక, మూడడుగుల దూరంలో ఒక బిందె పెట్టించి, మీరు డ్రైవరు సీట్లో కూర్చుని చూడండి. కనిపించదు. పికప్ బండి సంగతి మరీ అన్యాయం. కారులో అయితే లోపలి అద్దంలోంచి వెనక గ్లాసయినా కనిపిస్తుంది. పికప్‌లో క్యాబిన్ వెనకంతా లోడే కదా! మాది కడియం దగ్గర నర్సరీ. మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు, క్రోటన్లు ఎక్కించాక అద్దంలో ఆకులు తప్ప ఇంకేం కనబడవు.

మా దగ్గర పనికొచ్చే ఆడవాళ్ళు నేలమీద కూర్చుని నల్ల కవర్లలో మట్టి నింపుతుంటారు. కూర్చున్న మనిషి ఎత్తెంత? బండి వెనక డోరు కన్నా తక్కువే. సెలవులొస్తే వాళ్ళ పిల్లలు కూడా వెంట వస్తారు. బండి వెనక్కి తిరిగేదీ ఆ జాగాలోనే. అందుకే మా పికప్‌కి వెనక కెమెరా పెట్టించాల్సిందేనని పట్టుబట్టాను. ‘‘కార్లకయితే సరే, సరుకు బండికి ఈ సోకులెందుకే?’’ అని మావారు నవ్వేశారు.

సోకు కాదండీ. అమెరికాలో, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో 2002లో కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ళ బాబు తన ఇంటి ముందే బండి కింద పడి చనిపోయాడు. ఆ బండిని వెనక్కి తీస్తున్నది కన్నతండ్రి. ఆయన పిల్లల డాక్టరు కూడా. ఆ తర్వాత ఆయనా, అలాగే బిడ్డల్ని పోగొట్టుకున్న మరికొందరు తల్లిదండ్రులూ పోరాడితే 2008లో ఆ బాబు పేరు మీదే చట్టం వచ్చింది. నిబంధనలు ఖరారయ్యేసరికి 2014 అయింది. 2018 మే నుంచి అక్కడ తయారయ్యే కార్లకీ, పికప్ ట్రక్కులకీ వెనక కెమెరా తప్పనిసరి. ఇలాంటి ప్రమాదాల్లో అక్కడ ఏటా 210 మంది దాకా పోతున్నారనీ, వారిలో మూడోవంతుకి దగ్గరగా అయిదేళ్ళలోపు పసివాళ్ళేననీ అప్పట్లో ఆ ప్రభుత్వమే లెక్క చెప్పింది. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకు రివర్స్ సెన్సర్ తప్పనిసరి చేశారు. ఆ నిబంధన మనుషుల్ని ఎక్కించుకునే కార్లకే. అంతకుముందు కొన్న మా సరుకు బండికి సెన్సరూ లేదు, కెమెరా లేదు.

రాజమండ్రిలో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి బండితోపాటు నేనూ వెళ్ళాను. కుర్రాడు కెమెరాని వెనక డోరుకి బిగించబోయాడు.

‘‘బాబూ, డోరు వాల్చి లోడు ఎక్కిస్తున్నప్పుడు అది నేల చూపులు చూస్తుంది కదా?’’ అన్నాను.

‘‘నిజమే మేడమ్. రోజుకి పదిసార్లు తెరిచి మూసే డోరుకి వైరు కూడా నిలవదు’’ అంటూ తీసేశాడు. చివరికి నంబరు ప్లేటు పక్కన, కదలని ఇనుప పట్టీ మీద కాస్త లోపలికి బిగించాం. స్క్రీన్ అడుగున బండి అంచు కొద్దిగా కనిపించాలి. అది కనిపించకపోతే బండికి ఆనుకుని ఉన్న జాగా కనిపించదన్నమాట.

వైర్ల సంగతి వింటే భయపడాల్సిందేమీ లేదు. కెమెరా ఎర్ర వైరు రివర్స్ లైటు కరెంటుకి, నల్ల వైరు బండి బాడీకి. పెయింటు గీకి ఇనుముకి తగిలేలా బిగించాలి, లేకపోతే బొమ్మ వణుకుతుంది. బొమ్మను మోసే పొడవాటి వైరు చాసిస్ వెంబడి క్యాబిన్‌లోకి వస్తుంది. అది వేడెక్కే సైలెన్సరుకీ, తిరిగే షాఫ్టుకీ దూరంగా ఉండాలి. క్యాబిన్‌లోకి దూరే రంధ్రంలో రబ్బరు బుష్ ఉండాలి. ఉత్త రేకు అంచయితే నాలుగు నెలల్లో వైరుని కోసేస్తుంది. ముందున్న స్క్రీన్‌కి తాళం తిప్పితే వచ్చే కరెంటు ఇచ్చి, మధ్యలో ఫ్యూజు పెట్టించండి. అతుకులకి టేపు చుట్టి ఊరుకుంటే ఒప్పుకోవద్దు. మన ఎండలకి ఆ జిగురు కారిపోతుంది. టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగమనండి. పికప్ బ్యాటరీ 12 వోల్టులు, పెద్ద లారీది 24. కొనేటప్పుడే చెప్పాలి. మాకు కూలీతో సహా మూడువేల లోపే అయింది.

డబ్బులిచ్చే ముందు ఒక పరీక్ష చేశాను. బండి వెనక కుడివైపు నిలబడి చెయ్యెత్తితే, స్క్రీన్‌లో ఎడమవైపు కనిపించాను! బండి ముందు పెట్టే కెమెరాల్లో బొమ్మ అలా వస్తుందట. దాన్ని మార్చే చిన్న వైరు అందులోనే ఉంది. కుర్రాడు సర్దేశాడు. చూడకుండా వచ్చేస్తే డ్రైవరు ఒక పక్క చూసి ఇంకో పక్కకి తిప్పేవాడు.

మా డ్రైవరు బాబాయికి ఇరవయ్యేళ్ళ సర్వీసు. ‘‘నాకు టీవీ ఎందుకమ్మగారూ?’’ అని చిన్నబుచ్చుకున్నాడు. వాదించకుండా ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి, వెనకాల పిల్లల మూడు చక్రాల సైకిల్ పెట్టించాను. అద్దాలు రెండూ చూసి ‘‘ఏం లేదండీ’’ అన్నాడు. రివర్స్ గేరు వేయగానే స్క్రీన్ వెలిగింది. కాసేపు మాట్లాడలేదు. ‘‘అది ఎప్పట్నుంచి ఉందండీ అక్కడ?’’ అన్నాడు.

అయితే ఈ కన్నుకీ లోపాలున్నాయి. వానాకాలం బురద పడితే బొమ్మంతా మసక. పొద్దున్నే తడిగుడ్డతో తుడవాలి. అద్దం వెడల్పుగా చూపిస్తుంది కనుక దగ్గరున్నది కూడా దూరంగా ఉన్నట్టనిపిస్తుంది. పక్కనుంచి పరుగెత్తుకొచ్చే పిల్లాణ్ణి చివరిదాకా చూపించదు. రివర్స్ లైటు స్విచ్ చెడిపోతే కెమెరాకి కూడా కరెంటు ఆగిపోతుంది. అందుకే బాబాయి ఇప్పటికీ దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, హారన్ కొట్టాకే గేరు వేస్తాడు.

మేం అనుకోని తంటా ఇంకొకటి వచ్చిపడింది. స్క్రీన్‌లో తాము కనిపిస్తామని తెలిశాక, ఒకడు క్యాబిన్‌లోకి ఎక్కి చూస్తుంటే మిగతా పిల్లలంతా బండి వెనక చేరి గంతులు! దాంతో బండి తిరిగే జాగా చుట్టూ సున్నంతో గీత గీయించాం. వానకి చెరిగినప్పుడల్లా మళ్ళీ గీస్తున్నాం. గీత దాటిన వాడికి ఆ సాయంత్రం పుల్ల ఐసు లేదు.