బడి వదిలాక చదువు: మార్కులు ఎంత పెరుగుతాయి?

కురబలకోట మండలం పల్లెల్లో సాయంత్రం పిల్లలు ఇల్లు చేరేసరికి చాలామంది అమ్మానాన్నలు ఇంకా టమాటా తోటల్లోనో, కూలి పనుల్లోనో ఉంటారు. ఆ వేళ పిల్లలకు పెద్దవాళ్ల తోడు ఉంటే చాలా, చదువూ కావాలా? బడి వదిలాక చెప్పే చదువు ఎంత పనిచేస్తుందో కొలిచి చూసిన పరిశోధన ఒకటి తెలుగు నేల మీదే జరిగింది.

214 ఊళ్లలో ప్రయోగం

అప్పటి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా నాగర్‌కర్నూల్ ప్రాంతంలో 214 గ్రామాలను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేశారు. 107 ఊళ్లలో నాంది ఫౌండేషన్ బడి వేళలు కాని సమయంలో స్థానికులతోనే ప్రాథమిక బడి పిల్లలకు అదనంగా చదువు చెప్పించింది. మిగతా 107 ఊళ్లలో మామూలు బడి చదువే. భాష, గణితం కలిపి చూస్తే అదనపు చదువు అందిన పిల్లలకు సగటున నూటికి 15.8 మార్కులు ఎక్కువ వచ్చాయని 2013లో ప్రచురించిన ఫలితాలు తేల్చాయి.

ఆ 107లో 54 ఊళ్లలో ఆడపిల్లలకు అదనంగా వస్తువుల కిట్లు కూడా ఇచ్చారు. వాటివల్ల కనిపించిన తేడా 0.5 మార్కే. లెక్కల్లో అది లేనట్టే. మార్కులు పెంచింది ఆ కిట్లు కాదు, రోజూ దగ్గర కూర్చుని చెప్పిన చదువు.

తోడు ఉంటే ధైర్యం, మరి చదువు?

అమెరికాలో బడి తర్వాత నడిచే 26 కేంద్రాలకు సంబంధించి 2,308 మంది ప్రాథమిక బడి పిల్లలను పరిశీలించారు. 2005 నాటి తుది నివేదిక ప్రకారం ఆ కేంద్రాల్లో చోటు దొరికిన పిల్లలు తాము మరింత భద్రంగా ఉన్నామనుకున్నారు. చదువు ఫలితాలు మాత్రం మెరుగుపడలేదు. అక్కడ చదువు సాయం ఎక్కువగా హోంవర్క్ చేయించడమే.

హోంవర్క్ ఎందుకు చాలదు?

పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022 ఫలితాల ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. చదవలేని పిల్లకు ఐదో తరగతి హోంవర్క్ అంటే పక్కవాళ్లది చూసి రాసుకోవడమే. డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్లేవాళ్లు మాత్రం 2018లో 26.4 శాతం ఉంటే, 2022కి 30.5 శాతమయ్యారు.

పిల్లలు ఎక్కడ ఆగారో అక్కడినుంచే మొదలుపెట్టే పద్ధతి కురబలకోట మండలంలోనే ఉంది. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం తరగతితో నిమిత్తం లేకుండా, కార్డులతో ఒక్కో మెట్టూ ఎక్కించే విధానాన్ని తయారుచేసింది. ఇక బడి వదిలాక చదువు విషయంలో, కుప్పం దగ్గర గుడుపల్లెలో క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ ‘ఆపరేషన్ వసంత’ పేరుతో ఊళ్లలో రాత్రి బడులు నడిపింది.

ట్యూషన్‌లో చేర్చేముందు రెండో తరగతి వాచకంలో ఒక పేజీ బిడ్డ చేత బిగ్గరగా చదివించండి. నెల తర్వాత ఇంకో పేజీ చదివించండి. తేడా లేకపోతే ఫీజు తర్వాత, ముందు ఏ మెట్టు నుంచి చెబుతున్నారో అడగండి.