పేరుతో రాని చిహ్నం
కోట్ ఆఫ్ ఆర్మ్స్: అపోహలు – వాస్తవాలు

లండన్, ఎడిన్‌బరా వీధుల్లో పర్యాటకుల దుకాణాలకు వెళితే ఇంటిపేర్ల వారీగా పేర్చిన మగ్గులు, కీచైన్లు, చెక్క పలకలు కనిపిస్తాయి. ఒక్కో పేరు పక్కన ఒక డాలు, దాని మీద సింహమో గద్దో ఉంటుంది. ఆన్‌లైన్‌లోనూ ఇదే వ్యాపారం. పేరు టైపు చేస్తే చాలు, చిహ్నమూ దాని ‘అర్థమూ’ ప్రత్యక్షమవుతాయి. ఐరోపాలో 12వ శతాబ్దం నుంచి నడుస్తున్న ‘కోట్ ఆఫ్ ఆర్మ్స్’ అనే ఈ డాలు చిహ్నాల పద్ధతి చుట్టూ ఇన్ని అపోహలు పేరుకోవడంలో ఈ సరుకు పాత్ర తక్కువది కాదు.

అపోహ: ప్రతి ఇంటిపేరుకూ ఒక కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉంటుంది.

వాస్తవం: చిహ్నం ఇచ్చేది మనిషికి, ఇంటిపేరుకు కాదు. ఇంగ్లండ్‌లో ఈ వ్యవహారం చూసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కు 1484లో మూడో రిచర్డ్ రాజు సనదు ఇచ్చాడు. అక్కడి నియమం ప్రకారం చిహ్నం పొందిన వ్యక్తికీ, మగ సంతతి వరసలో ఆయన వారసులకూ మాత్రమే దానిపై హక్కు.

నాటకకర్త, నటుడు విలియం షేక్‌స్పియర్ సంగతే చూడండి. ఆయన తండ్రి జాన్ స్ట్రాట్‌ఫర్డ్‌లో చేతితొడుగులు కుట్టి అమ్మేవాడు. 1596లో ఆయన పేరిట చిహ్నం మంజూరైంది. అదే ఏడాది విలియం ఒక్కగానొక్క కొడుకు హామ్నెట్ కన్నుమూశాడు. విలియం తమ్ముళ్ల వైపునా మగ సంతతి నిలవలేదు. దాంతో ఆ చిహ్నానికి ఆ వరసలో హక్కుదారులే లేకుండా పోయారు. ఇవాళ షేక్‌స్పియర్ అనే ఇంటిపేరు ఎవరికున్నా, ఆ పేరు చూపి ఆ డాలు మాదే అనడానికి వీల్లేదు.

తెలుగువారికి ఇది అర్థం కాని విషయమేమీ కాదు. ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో, వేర్వేరు గోత్రాల్లో వినిపిస్తుంది. అంతమాత్రాన వాళ్లంతా దాయాదులని ఎవరూ అనుకోరు.

అపోహ: ‘ఫ్యామిలీ క్రెస్ట్’ అన్నా, కోట్ ఆఫ్ ఆర్మ్స్ అన్నా ఒకటే.

వాస్తవం: ప్రధానమైనది డాలు. దాని పైన శిరస్త్రాణం, ఆ శిరస్త్రాణం మీద నిలిపే బొమ్మ క్రెస్ట్. షేక్‌స్పియర్ కుటుంబ చిహ్నంలో బంగారు డాలు మీద ఏటవాలుగా నల్ల పట్టీ, పట్టీ మీద ఈటె ఉంటాయి. పైన ఈటె పట్టుకుని నిలబడ్డ డేగ ఉంటుంది. ఆ డేగ ఒక్కటే క్రెస్ట్. క్రెస్ట్ లేని డాళ్లు చాలా ఉన్నాయి. డాలు లేనివారికి మాత్రం క్రెస్ట్ ఉండదు.

అపోహ: ఎరుపు అంటే శౌర్యం, నీలం అంటే విశ్వాసం, సింహం అంటే యుద్ధవీరుడి వంశం.

వాస్తవం: ఇలాంటి పట్టికలు తర్వాతి రచయితలు అల్లినవి. ఒకరు చెప్పిన అర్థానికీ మరొకరు చెప్పిన అర్థానికీ పొంతన కుదరదు. డాలు మీది రంగు ముందుగా చేయాల్సిన పని దూరం నుంచి గుర్తుపట్టేలా కనిపించడం. అందుకే బంగారం మీద వెండి వేయకూడదు, ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చల్లో ఒకదాని మీద మరొకటి వేయకూడదు అన్న నియమం పుట్టింది.

బొమ్మల విషయానికొస్తే, చాలావాటిలో ఉన్నది పేరుతో ఆడిన చమత్కారమే. స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యానికి కోట, లియోన్‌కు సింహం. షేక్‌స్పియర్ డాలు మీద ఈటె కూడా ఆ కోవలోదే. కొన్నిసార్లు అర్థం పూర్తిగా ఇంటి సంగతి. 2011లో రాజకుమారుడు విలియంతో పెళ్లికి ముందు కేట్ మిడిల్టన్ తండ్రికి చిహ్నం మంజూరైంది. అందులోని మూడు ఓక్ కాయలు ఆయన ముగ్గురు పిల్లలకు గుర్తు. నడుమ ఉన్న బంగారు పట్టీ, కేట్ తల్లి పుట్టింటి పేరైన గోల్డ్‌స్మిత్‌కు గుర్తు. ఏ పట్టిక తిరగేసినా ఈ అర్థాలు దొరకవు. చిహ్నం కోరినవారో, రూపొందించినవారో చెబితేనే తెలుస్తాయి.

అపోహ: కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉందంటే పూర్వీకులు ప్రభువులో, యోధులో అయి ఉంటారు.

వాస్తవం: మధ్యయుగాల్లోనే వర్తకులు, వృత్తిసంఘాలు, పట్టణాలు, మఠాలు చిహ్నాలు పెట్టుకున్నాయి. ఫ్రాన్స్‌లో 14వ లూయీ 1696లో ఒక శాసనం జారీ చేశాడు. చిహ్నాలన్నీ రుసుము కట్టి నమోదు చేయించుకోవాలన్నది దాని సారాంశం. యుద్ధాల ఖర్చుకు ఖజానా నింపుకోవడమే అసలు ఉద్దేశం. అడగని సామాన్యులకు కూడా అధికారులే ఏదో ఒక చిహ్నం అంటగట్టి డబ్బు రాబట్టారు. ఇటు ఇంగ్లండ్‌లో, తక్కువ స్థాయి మనుషులకు చిహ్నాలిస్తున్నారని 1602లో రాల్ఫ్ బ్రూక్ అనే హెరాల్డ్ (చిహ్నాల వ్యవహారం చూసే అధికారి) తోటి అధికారుల మీద ఫిర్యాదు చేశాడు. ఆయన ఎత్తిచూపిన పేర్లలో నటుడు షేక్‌స్పియర్‌దీ ఒకటి.

అపోహ: డాలు మీద ఎడమవైపుకు వాలిన పట్టీ ఉంటే అక్రమ సంతానమని లెక్క.

వాస్తవం: నవలలు ప్రచారంలో పెట్టిన మాట ఇది. ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ వివాహేతర సంతానంలో కొందరి డాళ్ల మీద చివరలు తెగిన చిన్న కర్రలాంటి గుర్తు ఉన్న మాట నిజమే. కానీ అందరికీ ఒకటే గుర్తు లేదు. ఇంగ్లండ్ రాజకుమారుడు జాన్ ఆఫ్ గాంట్‌కు పెళ్లికి ముందు పుట్టిన బోఫర్ట్ సోదరుల డాలుకు నీలం, తెలుపు గళ్ల అంచు వేశారు.

అపోహ: నచ్చిన చిహ్నాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, అడిగేవారు లేరు.

వాస్తవం: అది దేశాన్ని బట్టి ఉంటుంది. స్కాట్లండ్‌లో చిహ్నాల వ్యవహారం చూసే లార్డ్ లయన్ అనే అధికారికి సొంత న్యాయస్థానమే ఉంది. 1672 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా చిహ్నం వాడితే శిక్షించవచ్చు. అక్కడ వంశనాయకుడి డాలు ఆయన ఒక్కడిదే. ఆ వంశంవారు ఆయన క్రెస్ట్‌ను బెల్టు ఆకారపు వలయంలో బ్యాడ్జీగా పెట్టుకోవచ్చు, అంతవరకే. ఇంగ్లండ్‌లో ఇలాంటి తగవులు వినే కోర్ట్ ఆఫ్ షివల్రీ రెండు శతాబ్దాలకు పైగా మూతపడి ఉండి, 1954లో ఒక్క కేసు కోసం కొలువుదీరింది. మాంచెస్టర్ నగరపాలక సంస్థ చిహ్నాన్ని ఒక నాటకశాల వాడుకున్న కేసు అది. తీర్పు నగరానికే అనుకూలంగా వచ్చింది. అమెరికాలో మాత్రం వ్యక్తుల చిహ్నాలను మంజూరు చేసే ప్రభుత్వ వ్యవస్థ లేదు.

అపోహ: మన తెలుగు ఇంటిపేర్లకూ ఇలాంటి ప్రాచీన చిహ్నాలు ఉండే ఉంటాయి.

వాస్తవం: చాళుక్యుల వరాహం, పల్లవుల నంది రాజవంశాల లాంఛనాలు. శాసనాల మీద, రాగిరేకుల ముద్రల మీద కనిపించే ఆ గుర్తులు పాలకులవి, ఇంటిపేర్లవి కావు. ఐరోపా తరహా డాళ్లు మన సంస్థానాధీశులకు పరిచయమైంది ప్రధానంగా 1877 ఢిల్లీ దర్బారుతో. విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించిన ఆ వేడుకలో నిజాం సహా సంస్థానాధీశులకు బ్యానర్లు ఇచ్చారు. వాటి మీద చిహ్నాలు గీసింది రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి.

వంశాన్ని గుర్తుంచుకునే పద్ధతి మనకు వేరేగా ఉండేది. వంశరాజులని కూడా పిలిచే పిచ్చుకుంట్లవారు ఊరూరా తిరిగి కాపు, రెడ్డి కుటుంబాల గోత్రాలను, వంశావళులను పాడి వినిపించేవారు. కాబట్టి విదేశంలో ఉన్న తెలుగు కుటుంబానికి ఎవరైనా ఇంటిపేరు చిహ్నం చూపిస్తే అడగాల్సిన ప్రశ్నలు మూడు: ఎవరికి మంజూరైంది, ఎవరు మంజూరు చేశారు, ఆ మనిషి నుంచి మన దాకా వరస ఏది? జవాబు లేకపోతే అది గోడకు అలంకారం. సరదా పడితే కొనుక్కోవచ్చు, వంశచరిత్ర అని మాత్రం పిల్లలకు చెప్పకూడదు.